నిండు బండిలకెల్లి ఖాళీ బండి తీసేస్తే

మా ఇంట్ల ఆలుమొగల లొల్లి కూరల ఉప్పు తక్కువైందనో, చుట్టాల పెండ్లికి పోలేదనో అయ్యేది కాదు. నేను రాసిన ప్రోగ్రామును వేరేటోళ్లకు చదవరాకుంట చెయ్యాల్నా వద్దా, గదీ మా లొల్లి. ఆయన చెయ్యాల్నంటడు, నేను వద్దంట. మా అత్తమ్మకు ఇద్దరి మాటలు అర్థం కాకపోయేది. "గదేందో జల్ది చేసి పారేయుండ్రి, అన్నం సల్లారుతున్నది" అని కంచాలు ముందర పెట్టేది.

మేం చేసేది ధర్మకాంటల పని. లారీకి లారీ, ట్రాక్టరుకు ట్రాక్టరు సామానుతోని ఎక్కి నిలబడే పెద్ద తూకం రోడ్డు పక్కన చూసే ఉంటరు, గదే ధర్మకాంట. మా ఆయన మోటరుసైకిల్ మీద సామాను కట్టుకొని పోయి వైర్లు గుంజుతడు, డబ్బాలు బిగిస్తడు, ఎలుకలు కొరికితే మల్ల పోయి అతికిస్తడు. నేను నిజామాబాద్‌ల మా ఇంటి ముందర్రూంల కూసొని కంప్యూటర్ల ప్రోగ్రాము రాస్త. డిచ్‌పల్లి యూనివర్సిటీల ఎంసీఏ చదివిన. నాతోని చదివినోళ్లు శానమంది హైదరాబాద్ పోయిండ్రు. "నువ్వెందుకు పోలే" అని ఇప్పటికీ అడిగేటోళ్లున్నరు. మక్కలు, ఒడ్లు, పసుపు, చెరుకు, ఇవన్ని ఈడ తూస్తరు కదా, హైదరాబాద్‌ల ఏం తూస్తరని నేనంట. ఇంకేమడుగుతరు, నోరు మూసుకుంటరు.

ప్రోగ్రామంటే భయపడనక్కర లేదు, రెండో తరగతి పిల్లలు చేసే తీసివేతనే. నిండు బండి కాంట మీదికొస్తది. డబ్బా మీద ఎర్రటి అంకెలు పడతయి, అందరికి కనిపిస్తయి. దాంట్లకెల్లి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలింది సరుకు. చీటీ కొట్టి చేతుల పెట్టుడు, గంతే. ఒక్క సంగతి మాత్రం యాది పెట్టుకోవాలె. సీజన్ల బండ్లు మస్తుగ వస్తయి. ఒక్కొక్క బండిని ప్రతిసారి ఖాళీగ తూస్తూ కూసుంటే రోడ్డు జామైతది. అందుకని ఒకసారి తూసిన ఖాళీ బరువును కంప్యూటరు దాచి పెట్టుకుంటది, మల్లొచ్చినప్పుడు గదే తీసి వాడుతది. నిండు బరువు డబ్బా మీద అందరికి కనిపిస్తది. ఖాళీ బరువు కంప్యూటరు మనసులకెల్లి వస్తది, అది ఎవరికి కనిపియ్యది.

ఇగ నా అలవాటు చెప్పాలె. ప్రోగ్రాముల ఒక్కొక్క అంకెకు, ఒక్కొక్క ముక్కకు పేర్లు పెట్టాలె. అందరు ఇంగ్లీషు పేర్లు పెడతరు. నేను ఇంగ్లీషు అక్షరాలతోని మన పేర్లే పెడత. నిండుబండి, ఖాళీబండి, అసలుతూకం. చీటీ అచ్చు గుద్దే ముక్క పేరు చీటీకొట్టు. డ్రైవరు చక్రం సగమే ఎక్కిచ్చి నిలబడితే తూకం ఆపే ముక్క పేరు ఆగుబై. చదువుకునేటప్పుడు మా సారు ఇది చూసి "నిన్ను ఏ కంపెనీల తీసుకుంటరమ్మా" అని నెత్తి కొట్టుకున్నడు. మా ఆయనైతే "ఇది ప్రోగ్రామా, బోధన్ బస్టాండ్ల ముచ్చటనా" అని ఎగతాళి చేసేటోడు. చెయ్యనీ. నడిజాము తప్పు దొరికినా నా రాత నాకు మాట్లాడినట్టె వినిపిస్తది. ఎక్కడ మోసం చేసిందో టక్కున చెప్తది.

ఆయన భయం ఆయనది. "గింత సాఫ్‌గ రాస్తే ఎవడన్న ఎత్కపోతడే. పెన్‌డ్రైవ్ పెట్టి గుంజుకుంటే నీదని ఏం నిశాని" అనేటోడు. "ఎత్కపోయి ఏం చేస్తడు, పప్పుల పోపేస్తడా" అని నేనంటుంటి. మా మామయ్యోళ్ల కాలంల కాంట బాగుచేసేటోళ్లు ఒకరికొకరు పని నేర్పుకున్నరు, దాంతోని ఎవరి బతుకు చెడలేదని నా వాదన.

నా వాదన నవీపేట్‌ల కూలింది. ఆయన గా తోవల పోతూ చాయ్ తాగుదామని ఆగిండట. పక్కన ధర్మకాంట. మేం పెట్టింది కాదు. కిటికీలకెల్లి చూస్తే లోపల మా స్క్రీనే. రంగులు అవే, గడులు అవే. పైన మా పేరు తీసేసి ఇంకో షాపు పేరు పెట్టిండ్రు. ఒక లారీ డ్రైవరు చేతుల చీటీ అడిగి తీసుకొని చూసిండు. కింద నేను రాసిన "మెల్లగ పోయి రాండ్రి" అన్న మాట అట్లనే ఉన్నది. దొంగకు గది తీసెయ్యాలన్న సోయి సుత లేదు! ఆరా తీస్తే తెలిసింది, మా దగ్గర కాంట పెట్టించుకున్న ఒకాయన బామ్మర్దికి బోధన్ దిక్కు కంప్యూటర్ షాపున్నది, వాడే కాపీ కొట్టి ఊరూరికి అమ్ముతున్నడని.

నాకు కడుపు మండింది. అబద్ధమెందుకు, మస్తు మండింది. పప్పుల పోపు ముచ్చట మా ఆయన నాకు యాది చెయ్యలే, గదొక్కటి ఆయన మంచితనం. నేనే అన్న, "చేద్దాం పా" అని.

చదవరాకుంట చేసుడంటే తాళమేసుడు కాదు. ప్రోగ్రాము ఎప్పటిలెక్కనే నడుస్తది, మిషినుకు ఏ తేడా తెల్వది. మనిషికే అర్థం కాదు. దానికి వేరే సాఫ్ట్‌వేరుంటది. మన రాత దాంట్ల ఏస్తే పేర్లన్ని పీకేసి అర్థం లేని అక్షరాలు పెడతది, లైన్లన్ని ఒకదాంట్ల ఒకటి కలిపి గజిబిజి చేసి పడేస్తది. మా ఇంట్ల దానికి గజిబిజి అనే పేరు. నా నిండుబండి పోయి ఏదో ఎక్స్ అయ్యింది, ఖాళీబండి ఇంకేదో సున్న అయ్యింది. ఆగుబై ఏడ పోయిందో నాకే దొరకలే. పిల్లకు గుండు చేసి ఇంటికి తోలుకొచ్చినట్టు అనిపిచ్చింది. అసలు రాతను నా ల్యాప్‌టాప్‌ల పెట్టుకున్న, గజిబిజిదాన్ని ఆయన ఒక్కొక్క కాంటకు పోయి ఎక్కిచ్చి వచ్చిండు. ఆ నెల ఆయన నిమ్మళంగ నిద్రపోయిండు.

బోధన్ నుంచి కోటగిరి పోయే తోవల ఒక అక్క కాంట ఉన్నది. మా మెథడిస్టు చర్చి సంఘపామెనే, నాకంటె పెద్దది. కాంట వాళ్లాయన మాతోని పెట్టించిండు, పెట్టించిన కొన్నేండ్లకు ఆయన పోయిండు. ఆడమనిషి రోడ్డు మీద కూసొని డ్రైవర్లతోని ఏం నెగ్గుతదని వాళ్ల బావలు కాంట అమ్ముమన్నరు. ఆమె అమ్మలే. చిన్న రూంల కుర్చేసుకొని కూసున్నది. నెగ్గుడేంది, డ్రైవర్లే ఆమెకు భయపడేది! ఎవడన్న బండి మీదనే కూసొని తూకమేపిస్తే కిటికీలకెల్లి "దిగు బై! నీ ఒళ్లు సుత చెరుకు లెక్కల అమ్ముతవా?" అని కేకేసేది. క్లీనరు టైరు మీద కాలు పెట్టుకొని నిలబడ్డా ఊకోకపోయేది. ఆదివారం గుడి అయ్యేదాక కాంట బందు. అయినా రైతులు బండ్లు ఆపుకొని చింతచెట్ల కింద ఎదురు చూసేటోళ్లు, వేరే కాంటకు పోకపోయేది.

ఆ దిక్కు చెరుకు ఇంకా వేస్తరు. కొంత దూరం ఫ్యాక్టరీలకు పోతది, కొంత దగ్గర్ల బెల్లం వండే గానుగలకు పోతది. గానుగోళ్లు అక్క ఇచ్చిన చీటీ చూసే లెక్క కడతరు. అక్క చీటీ అంటే గానుగాయన ఎదురు మాట్లాడడు, రైతు ఎదురు మాట్లాడడు. గసొంటి పేరు ఆమెది.

పోయినేడు చెరుకు కొట్టుడు షురూ అయినంక కోటగిరి అవుతల ఒక కాంట మీద లొల్లి లేసింది. మక్కలు తూపిచ్చిన రైతులకు తక్కువొస్తున్నదని అనుమానమొచ్చి తూనికల ఆఫీసోళ్లను పిలిస్తే, వాళ్లు వచ్చి చూసి కాంటకు సీలేసిండ్రు. దాంట్ల ఉన్నది మా ప్రోగ్రామే. మేం పెట్టింది కాదు, బామ్మర్ది అమ్మిన కాపీ. నా రాత సాఫ్‌గ ఉండేనా, వాడు సుబ్బరంగ చదువుకొని ఒక లైను ఇరికిచ్చిండు. ఖాళీ బండి బరువుకు కొంత కలిపితే అసలు తూకం గంత తగ్గుతది. అది సుత ప్రతి బండికి కాదు, నడుమ నడుమ. దగ్గరుండి పరీక్ష చేసినప్పుడు బరాబర్ చూపెట్టాలె గదా. ఎంత తెలివో చూడుండ్రి దొంగకు.

"అగో, నేను చెప్పలేదా? మొదలే గజిబిజి చేసుంటే వాడు లైను ఇరికిచ్చేటోడా?" అన్నడు మా ఆయన. ఆయన చెప్పింది నిజమే.

ఆ తెల్లారి ఫోన్లల్ల ఒక ఫోటో తిరుగుడు పట్టింది. కోటగిరి కాంట స్క్రీను ఫోటో. కింద, గీ స్క్రీనున్న కాంటల తూకమేపియ్యకుండ్రి, మోసం జరుగుతున్నది అని. ఎవరు పెట్టిండ్రో తెల్వది. మా స్క్రీనున్న కాంటలన్ని ఒక్క రాతతోని దొంగ కాంటలైనయి.

అక్క ఫోన్ చేసింది. ఎప్పుడు చేసినా గట్టిగ నవ్వుకుంట మాట్లాడేది, గారోజు గొంతు సన్నగ ఉన్నది.

"సెల్లె, పొద్దటి సంది ఒక్క బండి ఎక్కలే. నా ముందరికెల్లే పోతున్నయి, ఆగుత లేవు. మొన్నటిదాక అక్కా అన్నోడు ఇయ్యాల మొకం తిప్పుకొని పోయిండు. గానుగాయన దగ్గర నేను పైసలు తిని రైతుల తూకం కొడుతున్ననంట. దొంగదన్న పేరొచ్చినంక కాంట ఎందుకు నాకు? దాని మీద ఒడ్లు ఆరబోస్కోవాలె."

"నేనొస్తున్న అక్క" అన్న. ఏం చెయ్యాల్నో నాకు తెల్వది. పేరు పోతే ఆమె కాంట మూసుడే, బావలు ఎదురు చూస్తనే ఉన్నరు. గదొక్కటే తెలుసు.

నేను, మా ఆయన పొద్దుగాల పోయేసరికి కాంట కాడ మంది జమైండ్రు. అందరికి పెద్ద ఒకాయన, పక్క క్యాంపు నుంచి వచ్చిండు. వాళ్ల తాతల కాలంల ఆంధ్ర దిక్కు నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కొని ఊరు కట్టుకున్నరు, ఆ ఊర్లను క్యాంపులనే అంటరు. ఎక్కువ చెరుకు ఆయనదే. ఆయన బండ్లు ఆగితే అందరి బండ్లు ఆగుతయి. తెల్ల పంచె, జేబుల కండ్లద్దాలు. అరిచే మనిషి కాదు, ఒక్కొక్క మాట తూచినట్టు మాట్లాడుతడు.

మొదలు ఆయన ట్రాక్టరునే ఖాళీగ ఎక్కిచ్చి తూసినం. కంప్యూటరు దాచుకున్న ఖాళీ బరువు, డబ్బా మీది ఎర్ర అంకెలు, రెండు ఒక్కటే వచ్చినయి. మా ఆయన "చూసిండ్రా" అన్నట్టు అందరి దిక్కు చూసిండు.

"కోటగిరిలో కూడా అందరూ నిలబడి చూసినప్పుడు ఇట్లాగే కరెక్టుగా వచ్చిందంటయ్యా" అన్నడు పెద్దాయన. "చూడనప్పుడు ఏం చేస్తుందో అదీ తెలియాల్సింది. లోపల ఏం రాశారో చూపించండి."

మా ఆయన కంప్యూటర్ల ప్రోగ్రాము తెరిచిండు. మంది కిటికీల తలలు పెట్టిండ్రు. స్క్రీను నిండ చీమలు పాకినట్టు గజిబిజి.

"గిదేంది బై, గిది ఏ భాష?"

"గింత దాచిండ్రంటే లోపల ఏదో ఉన్నది."

"దాచలే అన్నా, దొంగలు కాపీ కొడుతున్నరని గిట్ల చేసినం" అన్న నేను.

"దొంగల భయానికి మూసిపెట్టుకున్నారు, బాగానే ఉంది. మరి మా భయం సంగతేంటమ్మా?" అన్నడు పెద్దాయన.

నేను సంచిలకెల్లి ల్యాప్‌టాప్ తీసిన. అసలు రాత తెరిచి, ఇగో ఇదే, చదువుకోండ్రి అని ముందర పెట్టిన. పెద్దాయన కండ్లద్దాలు పెట్టుకొని వంగి చూసిండు. కొంచెంసేపు చదివిండు సుత. తర్వాత లేచి, మెల్లగ అడిగిండు.

"ఇది మీ సంచిలోంచి వచ్చింది. ఆ కంప్యూటర్లో నడిచేది ఇదేనని నేనెట్లా నమ్మేది?"

అది ఇదే అని నాకు తెలుసు. నా చేతులతోని చేసిన. కాని గాడ నిలబడ్డోళ్లకు చూపెట్టేటందుకు ఏ తోవ లేదు. తోవ లేకుంట చేసింది నేనే గదా, ఎవ్వరికి తెల్వకూడదనే గదా చేసింది. దొంగకు చదవరాకుంట చేస్తే పెద్దమనిషికి సుత చదవరాకుంట అయింది. గజిబిజికి మంచోడు చెడ్డోడు తెల్వది.

అక్క తలుపు చెక్కకు ఆనుకొని నిలబడ్డది. ఒక్క మాట మాట్లాడ్త లేదు. మాట్లాడకపోవుడే నాకు భయమైంది, ఆమె గట్ల ఉండే మనిషి కాదు.

నేను మా ఆయనను రూం ఎనుకకు పిలిచిన. "గజిబిజి తీసేసి అసలుదే ఎక్కిద్దాం. వాళ్ల ముందరనే ఎక్కిద్దాం. వాళ్ల కండ్ల ముందర ఎక్కింది, వాళ్ల కండ్ల ముందర నడిచిందైతే నమ్ముతరు."

"పిచ్చి లేసిందా నీకు? గాడున్నోళ్లందరికి ఫోన్లున్నయి. అందరు ఫోటోలు కొడతరు. మాపటికల్ల జిల్లా మొత్తం తిరుగుతది. ఇన్నేండ్ల కష్టం ఖతం."

"ఖతమైతె ఐతది."

"నువ్వే గదనే కడుపు మండి గజిబిజి చేసినవు?"

"చేసిన. నా కడుపు ఇంక మండుతనే ఉన్నది. అక్క మొకం చూసినవా నువ్వు?"

ఆయన కాళ్ల కింద చెరుకు పిప్పి పడున్నది, దాన్ని కాలితోని రాసుకుంట నిలబడ్డడు. నేను ఇంకేమో అనబోతున్న, గంతల ఆయన నా చేతులకెల్లి ల్యాప్‌టాప్ గుంజుకొని, నాకంటె ముందు పోయి అక్క కుర్చీల కూసున్నడు. గా మనిషిని గందుకే నేను పెండ్లి చేసుకున్నది. మొకం మీద ఎప్పుడు చెప్పలే.

మానిటరును కిటికీ దిక్కు తిప్పినం. అందరు చూస్తుండంగ గజిబిజిని తీసేసినం, అసలుదాన్ని ఎక్కిచ్చినం. "ఇగ చదువుండ్రి, ఎంతసేపైనా చదువుండ్రి" అన్న.

చదువుడు షురూ అయింది. ఇంగ్లీషు అక్షరాలు వచ్చినోళ్లు గట్టిగ చదివి రానోళ్లకు చెప్పిండ్రు. "నిండుబండి... ఖాళీబండి... అరే, మన మాటలే గదరా!" అన్నడొకడు. ఆగుబై కాడికి వచ్చేసరికి నవ్వులే నవ్వులు. "అక్కా, నిన్ను చూసే పెట్టిందే గీ పేరు" అని ఎవరో అన్నరు. అక్క నవ్వలే. దెగ్లూరు దిక్కుకెల్లి వచ్చిన లారీ డ్రైవరొకడు మరాఠీల అడుగుతుంటే పక్కోడు "రికామీ గాడీ" అని ఖాళీబండికి అర్థం చెప్తున్నడు. పెద్దాయన మాత్రం నవ్వుల కలవలే. వేలు అద్దం మీద పెట్టి ఒక్కొక్క లైను కిందికి దిగిండు. ఖాళీబండి అన్న మాట కనపడ్డకాడల్ల ఆగి, ఇక్కడ దీనికి ఏమన్నా కలుస్తుందా అని అడిగిండు. కలవది, చూడుండ్రి, తీసుడే ఉన్నది అని నేను చెప్పిన. రాయి కింద తేలున్నదేమో అన్నట్టు ఒక్కొక్క ముక్క లేపి చూసిండు. నాకు కోపం రావాలె, రాలే. నా రాతను గింత శ్రద్ధగ చదివినోడు నా బతుకుల ఆయనొక్కడే.

ఆ నడుమ ఫోన్లు టిక్కుటిక్కుమంటనే ఉన్నయి. ఫోటో కొట్టినప్పుడల్ల మా ఆయన నా దిక్కు చూసుడు, "అగో, పాయె" అని పెదిమెలతోని అనుడు.

తర్వాత చెరుకు ట్రాక్టరు ఎక్కిచ్చి తూసినం. దించి వచ్చినంక ఖాళీగ మల్ల తూసినం. చీటీ పెద్దాయన చేతుల పెట్టిన. ఆయన మనసుల లెక్క చేసుకొని, కండ్లద్దాలు జేబుల పెట్టుకొన్నడు.

"సరేనమ్మా. తేడా ఏం లేదు. రేపట్నుంచి మా బండ్లు ఇక్కడికే వస్తాయి." అక్క దిక్కు తిరిగి, "ఏమనుకోకమ్మా, రోజులు అట్లా ఉన్నాయి" అన్నడు.

"ఏమనుకుంటనయ్యా. సాయ్ తాగి పోండ్రి" అన్నది అక్క.

మంది కదిలిండ్రు. అప్పుడే ఒక బండి కాంట ఎక్కింది, ఎనుక ఇంకో రెండు ఆగినయి. మా ఆయన కుర్చీల కూసొని చీటీలు కొడుతున్నడు. నాకు పానం తేలికైంది. మనం గెలిచినం అక్కా అని చెప్దామని లోపలికి పోయిన. రూం ఎనుక చిన్న రేకుల కొట్టం, దాంట్లనే చాయ్ పొయ్యి. అక్క నాకు ఈపు పెట్టి గిలాసలు కడుగుతున్నది. కడిగిన గిలాసనే మల్ల మల్ల కడుగుతున్నది.

"అక్కా, ఏడుస్తున్నవా?"

"లేదు సెల్లె."

"అంతా మంచిగైంది గదా. నమ్మిండ్రు గదా అందరు."

ఆమె తిరిగింది. కండ్లు ఎర్రగున్నయి, కాని అది ఏడుపు కాదు, కోపం.

"ఎవరిని నమ్మిండ్రు? నిన్ను నమ్మిండ్రు. నువ్వు రాసిన దాన్ని నమ్మిండ్రు. నన్నెవరు నమ్మిండ్రు సెల్లె? ఇన్నేండ్ల సంది ఈడనే కూసున్న. ఎండల కూసున్న, వానల కూసున్న. ఆయన సచ్చిపోయిన నెలల సుత కూసున్న. ఒక్క కిలో కొట్టిన్నా? ఆ ముసలాయన కొడుకు పెండ్లికి పోయిన, ఆయన పెండ్లాం దవఖాన్ల ఉంటే ప్రార్థన జేసిన. అమ్మా నువ్వు కొట్టినవా అని నన్ను ఒక్క మాట అడిగిండా? అడిగితే లేదు అని చెప్తుంటి గదా. అద్దం మీద ఏలు పెట్టి సదివిండు గని నా మొకం దిక్కు సూడలే."

నిజమే. గంతసేపు గాడ నిలబడ్డ నేను సుత, ప్రోగ్రాముల తప్పు లేదు, ప్రోగ్రాముల తప్పు లేదు అనే చెప్పిన. అక్క అట్ల చేసే మనిషి కాదు అని నా నోటికెల్లి ఒక్కసారి రాలే. నా రాతను నిలబెట్టుకునే ఆత్రంల ఉన్న. సిగ్గైంది. ఆమె చేతులకెల్లి గిలాస తీసుకొని పక్కన పెట్టిన.

కొంగుతోని చేతులు తుడుసుకుంట ఆమెనే అడిగింది.

"గా రాతల్ల నా పేరు ఎక్కడన్న ఉన్నదా సెల్లె?"

"లేదక్కా. దాంట్ల మనుషుల పేర్లుండయి."

"రాయరాదా?"

"రాస్తే మిషినుకు ఏం తెల్వదక్కా."

"మిషినుకెందుకు? సదివేటోళ్లకు."

అప్పుడు నాకు తట్టింది. ప్రోగ్రాముల ఒక రకం లైనుంటది. ముందర రెండు గీతలు కొట్టి ఏం రాసినా మిషిను గా లైనును చదవకుంట దాటి పోతది. అది మిషిను కోసం కాదు, ఎప్పుడన్న తెరిచి చూసే మనిషి కోసం రాసుకునేది. గా ముచ్చట అక్కకు చెప్పిన.

"గసొంటిదే రాయి" అన్నది. "ఏడ రాస్తవు?"

"నువ్వేడ అంటే ఆడ."

"అన్నిటికంటె మీద."

మా ఆయనను లేపి నేను కూసున్న. అక్క నా ఎనుక నిలబడి కుర్చీ పట్టుకున్నది. ఏం రాయాలె అని అడిగిన. ఆమె బయట ఆగిన బండ్ల దిక్కు చూసుకుంట చెప్పింది, నేను తెలుగు అక్షరాలల్లనే కొట్టిన. మొదలు ఆమె పేరు, తర్వాత: ఈ కాంట మీద ప్రతి బండి నేను దగ్గరుండి తూసిన. ఒక్క కిలో కొట్టలే.

ఆమె వంగి, మెల్లగ చదువుకున్నది. "ఇంకొకటి కలుపు. ఎన్నడు కొట్ట."

కలిపిన. ఆమె పోయి కిటికీ కాడ నిలబడి, కాంట మీదున్న డ్రైవరును దిగుమని కేకేసింది.

మాపటికల్ల నా రాత నిజంగనే జిల్లా తిరిగింది. ఇప్పుడు ఎవరి కాంటల ఉన్నదో, ఎవడు ఏం ఇరికిచ్చిండో నాకు తెల్వది. మిగిలిన కాంటల సంగతి మా ఇంట్ల ఇంక తెగలే. ఆయన చెప్పేదాంట్ల నిజమున్నది, నాదాంట్ల సుత ఉన్నది, అత్తమ్మ కంచాలు పెడుతనే ఉన్నది.

ఒకరోజు అన్నం తినుకుంట ఆయన అడిగిండు. "లొల్లి సల్లవడ్డది గదా, బండ్లు వస్తున్నయి గదా. అక్క కాంటల మల్ల గజిబిజి ఎక్కిద్దామా?"

"గజిబిజి చేసే సాఫ్ట్‌వేరు మొదలు ఏం పీకేస్తదో తెలుసు గదా నీకు?" అన్న.

ఆయనకు తెలుసు. మిషినుకు అక్కరలేని లైన్లన్ని మొదలు తీసి పారేస్తది, పేర్ల సంగతి తర్వాత. అక్క చెప్పి రాయించిన లైను మిషినుకు అక్కరలేదు.

ఆయన చేతులున్న ముద్ద మల్ల కంచంల పెట్టిండు. "వద్దు తీ" అన్నడు.

గా కాంటకు మేం మల్ల గజిబిజి చెయ్యలే.